మొగల్తూరు పడవెక్కి సీమకెళ్లినోడు

మన సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నర్సాపురం ఒడ్డున దిగితే, అక్కణ్ణించి మొగల్తూరు ఎంతో దూరం లేదు. ఆ ఊరి కుర్రోడొకడు ఇంట్లో చెప్పాపెట్టకుండా కాలవ పడవెక్కి, నిడదవోలులో రైలు పట్టుకుని, ఇంగ్లండు బయల్దేరేడు. పేరు పార్వతీశం. నిజం మనిషి కాదులెండి. ఆణ్ణి పుట్టించినాయన మొక్కపాటి నరసింహశాస్త్రి.

శాస్త్రిగారు 1892లో పుట్టేరు. సముద్రం దాటితే వెలేసే రోజులింకా పోలేదు. అలాంటప్పుడు ఓడెక్కి ఎడింబరో వెళ్లి వ్యవసాయం చదువుకొచ్చేరు. వచ్చేక తన గొప్పలు రాసుకోలేదు. కొత్తచోట తెల్లమొహం వేసిన పల్లెటూరోడి కథ రాసేరు. 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. 1940లో సినిమా కూడా తీసేరు. మిగతా రెండు భాగాలూ చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు. ఆయన పోయి యాభై ఏళ్లు దాటినా జనం ఇంకా చదివి నవ్వుతానే ఉన్నారు.

పార్వతీశం మద్రాసులో దర్జాగా టోపీ కొన్నాడు. అది దొరసానులు పెట్టుకునే టోపీ అని ఆడికి తెలీదు. ఇలాంటియన్నీ దాచుకోకుండా ఆడే మనకి చెప్తాడు. కిటుకంతా అక్కడే ఉంది. తన తెలివితక్కువకి తనే ముందు నవ్వేసినోణ్ణి ఇంకోడు ఎక్కిరించలేడు.

ఒకమాట మాత్రం ఒప్పుకోవాలి. పార్వతీశానికి వెనకాల ఇల్లూ వాకిలీ ఉన్నాయి, పై కులం ఉంది. నవ్వులపాలైనా పోయేదేం లేదు. మన మలికిపురం చుట్టుపక్కల నుంచి కువైట్, మస్కట్ వెళ్లే అక్కలకి ఆ వీలెక్కడిది? అప్పుచేసి ఏజెంటుకి కట్టి ఎల్తారు. చిన్న పొరపాటు జరిగినా జీతంలో కోత. ఒక్కోచోట పాస్‌పోర్టు కూడా యజమాని బీరువాలోనే.

అయినా సెలవుకొచ్చినప్పుడు అరుగు మీద కూచుని ఆళ్లు చెప్పే కబుర్లు విన్నారా? అరబ్బీ ముక్క రాక ఉప్పు అడిగితే ఇంకేదో తెచ్చిచ్చిన సంగతులు, ఎయిర్‌పోర్టులో కదిలే మెట్లు చూసి కాలు పెట్టలేక ఆగిపోయిన సంగతులు. చెప్పేవోళ్లూ నవ్వుతారు, వినేవోళ్లూ నవ్వుతారు. మధ్యలో ఒక్కోసారి గొంతు పూడుకుపోద్ది. ఆ పుస్తకం రాసినోడు నాకింకా కనపళ్లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ జేబులో ఫోనుంది. ఈసారి మీ అమ్మో, పిన్నో వచ్చినప్పుడు ఏం తెచ్చిందో తర్వాత చూడొచ్చు. అక్కడ దిగిన మొదటిరోజు ఏం జరిగిందో అడగండి. ఆవిడ మాటల్లోనే రాసిపెట్టండి.