మ్యాచ్ డ్రా.. కప్పు మాత్రం సీకే నాయుడు టీమ్‌దే! ఎలాగంటే..

ఐపీఎల్ లీగ్ దశ చివరికొచ్చిందంటే అందరి నోటా నెట్ రన్ రేట్ మాటే. పుల్లలచెరువు, మార్కాపురం వైపు కుర్రాళ్ల టోర్నీల్లోనూ పాయింట్లు సమానమైతే అదే పంచాయితీ. మరి ఆ లెక్కే లేని రోజుల్లో, ఫైనల్ తేలకపోతే కప్పు ఎవరికి? దీనికి జవాబు కల్నల్ సీకే నాయుడు కెరీర్‌లోనే ఉంది.

తాతల ఊరు మచిలీపట్నం. పుట్టింది మాత్రం నాగ్‌పూర్‌లో, 1895 అక్టోబర్ 31న. 1926లో ఎంసీసీ జట్టుపై 11 సిక్సర్లతో 153 బాదడంతో దేశమంతా పేరు మోగిపోయింది. 1932లో లార్డ్స్‌లో ఇండియా ఆడిన మొట్టమొదటి టెస్టుకు కెప్టెన్ ఈ తెలుగాయనే.

అసలు కథ ఇండోర్‌ది. హోల్కర్ జట్టును తొమ్మిదేళ్లలో ఎనిమిదిసార్లు రంజీ ఫైనల్‌కి తీసుకెళ్లారు. 1944-45 ఫైనల్‌లో రెండు జట్లూ కలిపి 2,078 పరుగులు చేశాయి! అయినా బొంబాయిదే గెలుపు. 56 ఏళ్ల వయసులో ఫాడ్కర్ వేసిన బంతికి పళ్లు ఊడినా నాయుడు క్రీజు వదల్లేదు.

1952-53 ఫైనల్ కలకత్తాలో, బెంగాల్‌తో. టైమ్ అయిపోయింది, ఫలితం రాలేదు. అప్పుడు చూసింది ఒక్కటే.. తొలి ఇన్నింగ్స్‌లో ఎవరి స్కోరు ఎక్కువ? హోల్కర్‌ది. కప్పు ఇండోర్‌కి వెళ్లింది. నాయుడుకది నాలుగో రంజీ కప్పు.

వినడానికి చిన్న రూలే. కానీ దీనివల్ల పదకొండో నంబర్ బ్యాటర్ తీసే సింగిల్‌కి కూడా కప్పంత విలువ వస్తుంది. లీడ్ దక్కిన జట్టు ఇక గెలవక్కర్లేదు, ఓడకపోతే చాలు. రెండో ఇన్నింగ్స్ చప్పగా సాగుతుందని విమర్శ ఉంది, అదీ నిజమే.

2025లో కేరళ ఇలాగే ఒక్క పరుగు లీడ్‌తో జమ్మూ కశ్మీర్‌ను, రెండు పరుగుల లీడ్‌తో గుజరాత్‌ను దాటి ఫైనల్‌కొచ్చింది. అక్కడ విదర్భకు 37 పరుగుల లీడ్ దక్కింది. కేరళ మ్యాచ్ ఓడలేదు, కప్పు మాత్రం పోయింది.

లీగ్ దశలో అయితే డ్రా మ్యాచ్‌కి లీడ్ తీసుకున్న జట్టుకు 3 పాయింట్లు, రెండో జట్టుకు 1. గెలిస్తే 6.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అప్పటికి మార్కాపురం కర్నూలు జిల్లాలోనే ఉండేది, రాజధానీ కర్నూలే. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ఆడింది. కెప్టెన్ ఎవరో తెలుసా? 58 ఏళ్ల సీకే నాయుడే! అక్కడితో ఆగలేదు. 61వ ఏట ఉత్తరప్రదేశ్ తరఫున కూడా రంజీ ఆడారు.

1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు. ఇప్పుడు అండర్-23 కుర్రాళ్లు ఆడే బీసీసీఐ టోర్నీ ఆయన పేరు మీదే నడుస్తోంది.