తంతికి ఊపిరి పోసిన లెక్లాంచి

తంతి, టెలిఫోను శాఖల్లో పనిచేసిన మనకు లెక్లాంచి సెల్ కొత్త కాదు. భౌతికశాస్త్రం చదివిన మన పిల్లలకూ ఆ పేరు తెలుసు. కానీ ఆ మనిషి గురించి తెలిసినవారు మనలో తక్కువే.

జార్జ్ లెక్లాంచి 1839 అక్టోబర్ 9న ఫ్రాన్సులో జన్మించాడు. చిన్నతనంలో ఇంగ్లండులో చదువుకొని, 1860లో పారిస్‌లో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకొని ఉద్యోగంలో చేరాడు.

అప్పటికి యూరప్ అంతటా తంతి తీగలు విస్తరిస్తున్నాయి. వాటికి కరెంటు ఇచ్చేవి బ్యాటరీలే. కొన్నింటిలో ఘాటైన ఆమ్లాలు వాడేవారు. మైలుతుత్తంతో నడిచే డేనియల్ సెల్‌లోనేమో, పని ఉన్నా లేకున్నా జింకు తరిగిపోతూ ఉండేది. ఊరూరా ఉన్న ఆఫీసుల్లో వాటిని కనిపెట్టుకొని ఉండటం పెద్ద చాకిరీ.

1866లో లెక్లాంచి ఇందుకు పరిష్కారం కనుగొన్నాడు. గాజు జాడీలో నవాసాగరం కలిపిన నీళ్లు, అందులో ఒక జింకు కడ్డీ, పక్కనే నీరు ఊరే మట్టికుండీలో కర్బన పలక, దాని చుట్టూ మాంగనీస్ డయాక్సైడ్. అంతే సరంజామా. ఆ నవాసాగరం మన కళాయి పోసేవారు వాడేదే. సెల్ పనిచేసేటప్పుడు పుట్టే హైడ్రోజన్ కర్బన పలకను కప్పేసి కరెంటును అడ్డుకుంటుంది. మాంగనీస్ డయాక్సైడ్ తనలోని ఆక్సిజన్ ఇచ్చి ఆ అడ్డు తొలగిస్తుంది. ఇది నెమ్మదిగా సాగే పని. అందువల్ల ఏకబిగిన వాడితే సెల్ నీరసిస్తుంది, కాసేపు విశ్రాంతి ఇస్తే కోలుకుంటుంది. ఆగి ఆగి పనిచేసే తంతికి, గంటకు, ఆ తర్వాత వచ్చిన టెలిఫోనుకు అది సరిగ్గా సరిపోయింది.

1867లో, ముప్ఫై ఏళ్లైనా నిండకముందే, లెక్లాంచి ఉద్యోగానికి రాజీనామా చేశాడు. నెల జీతం విలువ తెలిసిన మనకు అది ఎంతటి సాహసమో చెప్పనక్కరలేదు. ఆ మరుసటి ఏడాదే బెల్జియం తంతి శాఖ ఆయన సెల్‌ను స్వీకరించింది. తర్వాత సొంత ఫ్యాక్టరీ పెట్టాడు. అయితే ఆ ఫలం ఎక్కువకాలం అనుభవించలేదు. 1882 సెప్టెంబర్ 14న, 42 ఏళ్లకే కన్నుమూశాడు. ఫ్యాక్టరీని తమ్ముడు మారిస్ నడిపాడు. 1886లో జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ జాడీలోని నీళ్లకు బదులు ముద్ద వాడి డ్రై సెల్ తయారుచేశాడు. మన టార్చిలైటు, ట్రాన్సిస్టరు, మాగ్నెటో ఫోను దాని చలవే.

లెక్లాంచి బతికుండగానే, 1878లో, ఆయన దేశస్థుడే అయిన మైష్ మరో మార్పు చేశాడు. మాంగనీస్ డయాక్సైడ్ ఇచ్చే ఆక్సిజన్‌ను గాలి నుంచే తీసుకోవచ్చునని చూపాడు. అదే జింక్-ఎయిర్ బ్యాటరీకి నాంది. సెల్‌లో ఆక్సిజన్ సరుకు దాచనక్కరలేదు కనుక ఆ చోటంతా జింకుకే దక్కుతుంది. అందుకే చిన్న బిళ్లలో ఎక్కువ శక్తి ఇముడుతుంది. దాన్ని మళ్లీ మళ్లీ చార్జి చేసి కరెంటు నిల్వకు వాడాలన్న ప్రయత్నాలూ సాగాయి. చార్జి చేసినప్పుడు జింకు సమంగా పేరుకోకపోవడం అందులో పెద్ద చిక్కు.

మనలో కొందరి వినికిడి యంత్రాల్లో ఉండేది ఈ జింక్-ఎయిర్ బిళ్లే. దాని స్టిక్కర్ తీస్తే సన్నని రంధ్రాల గుండా గాలి లోపలికి పోయి సెల్ మేల్కొంటుంది. వాడకముందే తీస్తే వృథాగా శక్తి తగ్గిపోతుంది.

మన దేశంలో తంతి సేవలు 2013 జూలైలో ముగిశాయి. కట్టకట టక్కులు ఆగిపోయినా, మనుమడి మాట మన చెవికి చేరవేసే ఆ చిన్న బిళ్లలో లెక్లాంచి కృషి ఇంకా సర్వీసులోనే ఉంది.