పెరిక్లీసు శిరస్త్రాణము – విశ్వేశ్వరయ్యగారి తలపాగ

లండనులోని బ్రిటిష్ మ్యూజియమున ఏథెన్సు రాజనీతిజ్ఞుడగు పెరిక్లీసు పాలరాతి ప్రతిమ యొకటి కలదు. క్రీ.పూ. 5వ శతాబ్దమున క్రెసిలాసు చేసెనని చెప్పబడు కంచు విగ్రహము నశించినది. రోమనులు చేయించుకొన్న ప్రతి యిది, ఇటలీలోని టివోలి యొద్ద దొరకినది. నుదుటి మీదికి నెట్టిన శిరస్త్రాణమే దాని గుర్తు. అది సేనాని పదవికి చిహ్నము. పొడవైన తలను కప్పుటకే శిల్పులు దానిని పెట్టిరని ప్లూటార్కు వ్రాసెను. పార్థెనానును కట్టించిన యీ మహనీయుడే, తల్లిదండ్రులిద్దరును ఏథెన్సువారు కానిచో పౌరసత్వము లేదని క్రీ.పూ. 451లో శాసనము చేయించెను. తుదకు సక్రమపుత్రులు మహమ్మారికి బలికాగా, పరదేశస్త్రీ యగు అస్పేసియా కన్న కొమారునకై ఆ శాసనమునుండి మినహాయింపు వేడవలసివచ్చెను.

ఈ ప్రతిమను తలచినపుడు మాకు చిక్కబళ్లాపురము స్ఫురించును. దాని చెంతనున్న ముద్దేనహళ్లిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి విగ్రహములందును ముందు కనబడునది మైసూరు తలపాగయే. వారి పూర్వులు నేటి ఆంధ్రప్రదేశమందలి మోక్షగుండమునుండి వలసపోయిన తెలుగువారు. చిన్నతనముననే తండ్రిని గోల్పోయి, పిల్లలకు చదువు చెప్పుకొనుచు బెంగుళూరులో పట్టభద్రులై, పూనాలో ఇంజనీరింగు ముగించిరి. 1908లో మూసీ హైదరాబాదును ముంచిన పిమ్మట నిజాము ప్రభుత్వము వీరినే పిలిచెను. 1912లో మైసూరు దివానైరి. మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయము వారి కాలమున వెలసినవే.

దివానుగిరిని వీడిన కారణమును విగ్రహము చెప్పదు. బ్రాహ్మణేతరులకు ఉద్యోగములలో తగిన చోటు కల్పించుటకై 1918లో మిల్లరు సంఘము ఏర్పడెను. యోగ్యతయే ప్రమాణము కావలెనని పట్టుబట్టి విశ్వేశ్వరయ్యగారు పదవిని త్యజించిరి. వారి నిజాయితీని మేము శంకింపము; పదవిని పట్టుకొని వ్రేలాడువారికి అట్టి తెగువ యుండదు. కాని యోగ్యత చదువువలన వచ్చును. ఆ చదువు నాడు కొన్ని యిండ్లకే అందెను. మా చదువరులలో పెక్కురు ఉద్యోగులే, ఈ వాదము వారికి క్రొత్త కాదు. నిర్బంధ ప్రాథమిక విద్యకై పాటుపడిన దివానునకే యీ సంగతి తోపకుండుట వింత.

1955లో భారతరత్నమైరి, 1962లో కన్నుమూసిరి. సమాధి ముద్దేనహళ్లిలోనే యున్నది. వారు తలపెట్టిన కృష్ణరాజసాగరపు నీరు మండ్యను తడిపెను. పుట్టినసీమకు జీవనదియే లేదు, అది నేల వ్రాత. బాగేపల్లి, చింతామణి తెలుగు రైతులు నేటికిని చెరువులను, లోతు బోరుబావులను నమ్ముకొని యున్నారు. బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి ఆ జిల్లా చెరువులకు మళ్లించుచున్నారు.