కాటన్ దొరకు అండగా నిలిచిన నర్సమ్మ, సైనికులకు తోడైన కుక్క

గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొరను మనం ఇప్పటికీ తలచుకుంటాం. ఆయన నీటిపారుదల ఆలోచనలకు ఇంగ్లండులో అండగా నిలిచిన వారిలో ఫ్లారెన్స్ నైటింగేల్ ఒకరు.

ఆమె 1820లో పుట్టారు. చిన్న వయసులో, కాలికి దెబ్బ తగిలిన ఒక గొర్రెల కాపరి కుక్క ‘క్యాప్’కు కాపడం పెట్టి బతికించారని చెబుతారు. 1854లో 38 మంది నర్సులతో స్కుటారి వెళ్లి, క్రిమియా యుద్ధంలో గాయపడిన సైనికులకు సేవ చేశారు. తిరిగొచ్చాక తానే ఏళ్ల తరబడి మంచం పట్టారు. ఇంట్లో పిల్లులను పెంచుకున్నారు. దీర్ఘరోగులకు చిన్న పెంపుడు జంతువు మంచి తోడని తన నర్సింగ్ పుస్తకంలో రాశారు. 1910లో కన్నుమూశారు.

ఆ మాట ఇవాళ సైనికుల దగ్గరికే చేరింది. యుద్ధ జ్ఞాపకాలతో బాధపడే మాజీ సైనికులు కుక్కలకు శిక్షణ ఇచ్చి, వాటిని దత్తత తీసుకునే ప్రయోగానికి అమెరికా 2021లో చట్టం చేసింది. పీడకల వస్తే తట్టి లేపేలా కూడా ఇలాంటి కుక్కలకు నేర్పుతారు.

ఆవడి సైనిక స్థావరాలు మన అంబత్తూరుకు పక్కనే. సైన్యం నుంచి రిటైరైన పెద్దవారు మన ఇంట్లో ముభావంగా ఉంటే, నిద్రలో ఉలిక్కిపడుతుంటే, అది కోపమో పొగరో అనుకోవద్దు. ముందు డాక్టరుకు చూపిద్దాం. ఆపైన, ఏమీ అడగకుండా పక్కన కూర్చునే ఒక కుక్క ఉంటే వారికి ఊరట.