శ్లోకము నేర్చిన పరదేశి

అబూ రైహాన్ అల్‌బీరూనీ మధ్య ఆసియాలోని ఖ్వారిజ్మ్ ప్రాంతమున 973లో జన్మించినాడు. గణితములోను, ఖగోళశాస్త్రములోను ఆరితేరిన పండితుడు. 1017లో గజనీ మహమూద్ ఆ రాజ్యమును జయించి అతనిని తన రాజధానికి తరలించినాడు. మహమూద్ సైన్యములు తెరచిన దారినే అతడు పంజాబు చేరినాడు.

అప్పటికే నలుబది దాటిన వయస్సు. సంస్కృతము సులభముగా లొంగలేదు. ఒకే వస్తువునకు ఎన్నో పేర్లు. నాలుక తిరుగని సంయుక్తాక్షరములు. ఒక మాటను శ్రద్ధగా విని అరబ్బీ లిపిలో వ్రాసికొని, మరల చదివి వినిపించితే చెప్పినవారికే బోధపడేది కాదట! తెలుగు వత్తులతో తొలిసారి తలపడిన మన ఉర్దూ విద్యార్థులకు ఈ అవస్థ కొత్తది కాదు.

పరదేశీయులను మ్లేచ్ఛులని దూరముంచుట ఆనాటి ఆచారము. వారితో కలిసి కూర్చుండుట, భుజించుట నిషిద్ధము. బీరూనీ ఈ వైఖరిని విమర్శించినాడు. అయితే మహమూద్ దాడులు రగిల్చిన ద్వేషమును కూడ దానికి కారణముగా చూపినాడు. గజనీ నీడన బ్రదుకుచు అంతమాట వ్రాయుటకు గుండె కావలెను.

జ్యోతిష పండితుల యెదుట మొదట శిష్యునివలె నిలిచినాడు. తానే గణిత మర్మములు విప్పి చెప్పనారంభించగా వారు విస్తుపోయి, ఏ హిందూ గురువు వద్ద నేర్చితివని అడిగినారట. తమ పెద్దల యెదుట అతనిని సముద్రమని కొనియాడినారట.

1030 ప్రాంతమున 80 అధ్యాయముల ‘కితాబుల్ హింద్’ పూర్తియైనది. ఒక్క మాట పలికి మెప్పింపలేకపోయిన ఆ మనిషి అప్పటికి యూక్లిడ్ గ్రంథమును ఈ దేశీయుల కొరకు సంస్కృత శ్లోకములలోనికి మార్చుచున్నాడు.