విచారణ లేని తీర్పు: డిరోజియో జీవితము

మన దేశమున ఉపాధ్యాయవృత్తి చరిత్రలో 1831 ఏప్రిల్ 23వ తేది మరువరానిది. ఆనాడు కలకత్తా హిందూ కళాశాల పాలకవర్గము సమావేశమై, ఒక యువకోపాధ్యాయుని కొలువునుండి తొలగింప నిశ్చయించెను. ఆతని పేరు హెన్రీ లూయీ వివియన్ డిరోజియో. అప్పటి కాతనికి 22 ఏండ్లు నిండి అయిదు దినములే అయినది. ఆతడు పాఠము సరిగా చెప్పలేదని ఎవరును అనలేదు. ధనము నపహరించెననిగాని, శిష్యులను హింసించెననిగాని ఆరోపణ లేదు. ఆతని బోధ విద్యార్థుల మనస్సులలో మరీ లోతుగా నాటుకొనెననుటయే నిజమునకు ఆతడు చేసిన నేరము.

డిరోజియో 1809 ఏప్రిల్ 18న కలకత్తాలో జన్మించెను. తండ్రి ఫ్రాన్సిస్ పోర్చుగీసు, భారతీయ రక్తములు కలిసిన కుటుంబమువాడు. ఒక ఆంగ్ల వర్తకసంస్థలో ఉద్యోగి. తల్లి సోఫియా ఆంగ్లేయ స్త్రీ. ఆమె బాలుని చిన్ననాటనే కన్నుమూసెను. ఇట్టి కుటుంబములవారిని ఆంగ్లేయులు తమవారిగా ఎంచెడివారు కారు; హిందువులును దగ్గరకు రానిచ్చెడివారు కారు. ఇరువురికిని పరాయివాడైన ఆ బాలుడు మాత్రము ఈ దేశమునే తన మాతృభూమిగా భావించెను. భారతదేశమును తల్లిగా సంబోధించి ఆంగ్లమున కవిత్వము వ్రాసిన తొలి కవులలో ఆతడొకడు.

ఆరవ ఏట డిరోజియో ధర్మతలాలోని డేవిడ్ డ్రమండ్ పాఠశాలలో చేరెను. డ్రమండ్ స్కాట్లండు దేశీయుడు, కవి, స్వతంత్రభావములు గలవాడు. తెల్లవారి బిడ్డలు, మిశ్రజాతివారి బిడ్డలు, హిందువుల బిడ్డలు ఆ పాఠశాలలో ఒకే బల్లపై కూర్చుండి చదువుకొనుచుండిరి. ఏ మాటనైనను కారణ మడుగక అంగీకరింపరాదను బుద్ధి డిరోజియోకు అక్కడనే అలవడెను. 14వ ఏట చదువు ముగించి, కొంతకాలము తండ్రి పనిచేయు సంస్థలోనే గుమాస్తాగా కూర్చుండెను. ఆ పని రుచింపక, భాగల్పూరు ప్రాంతమున నీలిమందు తోట నడుపుచున్న మేనమామ కడకు పోయెను. అక్కడ గంగాతీరము ఆతనిని కవిని చేసినది. ఆతడు పంపిన పద్యములను ఇండియా గెజిట్ పత్రిక సంపాదకుడు జాన్ గ్రాంటు ఆదరముతో ప్రకటించుచు వచ్చెను. 1827లో తొలి కవితాసంపుటి వెలువడెను. మరుసటి యేడు వచ్చిన జంఘీరా ఫకీరు అను కావ్యమున, చితిపై కూర్చుండబెట్టిన వితంతువును ఆమె ప్రియుడు ఎత్తుకొనిపోవును. సహగమనము నింకను చట్టము నిషేధింపని దినములవి.

1826లో, 17వ ఏట, డిరోజియో హిందూ కళాశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. ఈ కళాశాల 1817 జనవరి 20న, కలకత్తాలోని హిందూ ప్రముఖులు చందాలు వేసికొని స్థాపించినది. తమ బిడ్డలకు పాశ్చాత్య విద్య కావలెను, కాని తమ ఆచారము చెడరాదు అని వారి కోరిక. ఈ రెండు కోరికలును ఒకే గదిలో ఎంతకాలము ఇముడునో నాడెవరును ఆలోచింపలేదు.

ఆతడు బోధించినవి ఆంగ్లసాహిత్యము, చరిత్ర. శిష్యులలో కొందరు ఆతనికంటె రెండు మూడేండ్లు మాత్రమే చిన్నవారు. పుస్తకములోని వాక్యమును వల్లెవేయించుట ఆతని పద్ధతి కాదు. ఒక విషయమును ఎత్తుకొని, దానిని సమర్థించు వాదములను, ఖండించు వాదములను రెండింటిని ముందుంచి, మీరేమందురని అడుగుట ఆతని పద్ధతి. గంట మ్రోగిన తరువాత కూడ విద్యార్థులు ఆతనిని విడిచెడివారు కారు. ఇంటికి పోయి చర్చలు సాగించెడివారు. ఈ చర్చల నుండియే 1828లో అకడమిక్ అసోసియేషన్ అను సభ పుట్టెను. మాణిక్‌తలాలోని ఒక తోటలో అది సమావేశమగుచుండెను. విధి, పురుషకారము, సత్యనిష్ఠ, విగ్రహారాధన, ఈశ్వరాస్తిత్వము, అన్నియు అక్కడ చర్చకు వచ్చినవే. గడియారముల వ్యాపారమునకై వచ్చి, తన జీవితమును ఈ దేశపు బాలుర చదువునకు ధారవోసిన డేవిడ్ హేర్ ఆ సభలకు శ్రద్ధతో వచ్చెడివాడు. హిందూ కళాశాల విద్యార్థి అసత్యమాడడని ఊరిలో పేరు వచ్చెను.

కాని సత్యముతోపాటు దుడుకుతనము కూడ వచ్చినది. కొందరు బాలురు సంధ్యావందనము మానిరి. కొందరు నిషిద్ధాహారము తినుట వీరకార్యముగా భావించిరి. ఇంటిలో మంత్రము చెప్పుమన్నచోట హోమరు పద్యములు చదివినవారు కలరు. 1830లో విద్యార్థులు పార్థినన్ అను పత్రికను ప్రారంభింపగా, తొలి సంచికతోనే పెద్దలు దానిని ఆపించిరి. అప్పటికే నగరము ఉడికిపోవుచున్నది. 1829 డిసెంబరులో బెంటింకు ప్రభువు సహగమనమును నిషేధించెను. ఆచారవాదులు మరుసటి నెలలోనే ధర్మసభను స్థాపించిరి. ఇట్టి సమయమున తమ బిడ్డలే ఇంటిలో ఎదురు తిరుగగా, తల్లిదండ్రుల కోపము ఉపాధ్యాయునిపైకి మరలుట సహజము. వారి భయమును తేలికగా కొట్టివేయరాదు. బిడ్డను బడికి పంపు తండ్రి ఆ ఉపాధ్యాయుని నమ్మి పంపుచున్నాడు. ఆ నమ్మకము చెడినదని తోచినప్పుడు ఫిర్యాదు చేయుటకు ఆతనికి హక్కు కలదు. ఫిర్యాదే రుజువు కాదనునది మాత్రము ఆనాడు మరుపున పడినది.

పాలకవర్గము మొదట ఒక ఉత్తరువు చేసెను. ఉపాధ్యాయులు బాలురతో హిందూమతమును గురించి చర్చింపరాదు; తరగతి గదులలో ఆచారవిరుద్ధమైన తిండి తిననీయరాదు; మీరినవారిని తొలగింతుము. దీనితో అలజడి అణగలేదు. 1831 ఏప్రిల్‌లో సభ్యులలో ఒకడగు రామకమల్ సేన్ ప్రత్యేక సమావేశము కోరెను. ఈయన నిఘంటుకర్త, పండితుడు. తరువాతి కాలమున బ్రహ్మసమాజ నాయకుడైన కేశవచంద్రసేనునకు పితామహుడు. మంచి కుటుంబముల బాలురు 25 మంది కళాశాల విడిచిరనియు, 160 మంది వరకు హాజరగుట లేదనియు, అనర్థములన్నిటికి మూలము డిరోజియో అనియు, ఆతనిని తొలగించి శిష్యులతో సంబంధము తెంపవలెననియు సభ ముందుంచిన పత్రము యొక్క సారాంశము.

ఏప్రిల్ 23న తొమ్మండుగురు పెద్దలు కూర్చుండిరి. మొదటి ప్రశ్న ఇది: యువకులకు విద్య గరపుటకు డిరోజియో అయోగ్యుడని నిశ్చయించుటకు తగిన ఆధారము కలదా? సంస్కృత పండితుడును, కళాశాల పర్యవేక్షకుడును అయిన హొరేస్ హేమన్ విల్సన్, ఆతని బోధవలన కీడు కలిగినట్లు తానెన్నడు చూడలేదనియు, ఆతడు గొప్ప సమర్థత గల ఉపాధ్యాయుడనియు చెప్పెను. డేవిడ్ హేర్ ఆతని బోధ మేలే చేసినదనెను. రుజువు లేనందున ఆతనియందు దోషము లేదని ప్రసన్నకుమార ఠాకూర్ అనెను. ఆతడు అయోగ్యుడు కానేకాడని శ్రీకృష్ణ సింహ నొక్కి చెప్పెను. చంద్రకుమార ఠాకూర్, రసమయ దత్తు తాము విన్న కబురులు తప్ప వేరేమియు ఎరుగమనిరి. అయోగ్యుడన్నవారు రాధాకాంత దేవ్, రామకమల్ సేన్, రాధామాధవ బెనర్జీ, ముగ్గురు మాత్రమే. వారిలోను బెనర్జీ అభిప్రాయమునకు ఆధారము వినికిడియే. నేరము నిలువలేదు.

నేరము నిలువనిచోట విషయము ముగియవలెను. ముగియలేదు. రెండవ ప్రశ్న వేయబడెను: నగరమున హిందువుల మనోభావము ఇట్లుండగా ఆతనిని తొలగించుట అవసరమా? ఇప్పుడు ఆతని గుణదోషములతో పని లేదు; ఊరివారి కోపమే కొలబద్ద. నలుగురు అవసరమనిరి, ఇద్దరు యుక్తమనిరి, శ్రీకృష్ణ సింహ ఒక్కడే అనవసరమనెను. ఇది హిందువుల మనోభావమునకు సంబంధించినది గాన తాము ఓటు వేయమని విల్సన్, హేర్ తప్పుకొనిరి. ఒక్క ప్రశ్న క్రిందట ఆతనిని మెచ్చుకొన్న ఆ ఇరువురును కీలకమైన వేళ మౌనము వహించిరి. ఆతని సేవలను, యోగ్యతను గుర్తుంచుకొనుచు తొలగింపును అమలుపరుపవలెనని తీర్మానము వ్రాసికొనిరి.

ఈ వార్త డిరోజియోకు విల్సన్ తెలిపెను. గౌరవము దక్కునట్లు తానై విడిచినట్లుగా రాజీనామా వ్రాయుమని సలహా ఇచ్చెను. డిరోజియో ఏప్రిల్ 25న రాజీనామా వ్రాసెను. కాని ఆ సలహాను మాత్రము పాటింపలేదు. తానై పోవుచున్నట్లు వ్రాసినచో, లేని దోషమును అంగీకరించినట్లగునని ఆతడు తలచెను. తనపై ఏ అభియోగమును తనకు తెలుపలేదు. తెలిపినవారిని తన ముందుకు రప్పింపలేదు. ఒక్క సాక్షిని విచారింపలేదు. తన మాట వినలేదు. సభ్యులలో అధికసంఖ్యాకులు తన్ను అయోగ్యుడనకపోయినను తొలగింప నిశ్చయించిరి. ఈ అంశములను వరుసగా పేర్కొని పాలకవర్గమునకు పంపెను. దూషణ లేని ఆ లేఖలో ఒక్కొక్క వాక్యము ఒక్కొక్క ప్రశ్న.

అదే దినమున విల్సన్ ఆతనికొక లేఖ వ్రాసి, ఊరిలో చెప్పుకొనుచున్న మూడు సంగతులకు సమాధానము కోరెను. దేవుడు లేడని బోధించెనా? తల్లిదండ్రుల పట్ల విధేయత ధర్మము కాదనెనా? అన్నాచెల్లెండ్ర వివాహము తప్పు కాదనెనా? తీర్పు వెలువడిన తరువాత వచ్చిన ప్రశ్నలివి!

ఏప్రిల్ 26న డిరోజియో వ్రాసిన సమాధానము ఉపాధ్యాయులందరు తెలిసికొనదగినది. దేవుడు లేడని తానెవరితోను అనలేదు. కాని ఈ ప్రశ్నపై తత్త్వవేత్తలు ఏమనిరో దాచలేదు. సంశయవాది హ్యూము వాదములను చెప్పినప్పుడు, వానికి రీడు, స్టీవర్టు ఇచ్చిన సమాధానములను కూడ చెప్పెను. ఒక పక్షమునే చూపి యువకుల మనస్సులను బిగించుట తన పని కాదని తలచెను. ఇక రెండవ ప్రశ్నకు జరిగిన సంగతులతో బదులిచ్చెను. తండ్రితో పెడసరముగా మాటలాడిన ఒక శిష్యుని మందలించి, తండ్రిని క్షమాపణ వేడువరకు నీతో మాటలాడనని చెప్పిపంపెను. ఇంటిలోని బాధ భరింపలేక వెడలిపోదునన్న దక్షిణారంజన్ ముఖర్జీని వారించెను. ఆ యువకుడు కొంతకాలమునకు చెప్పకుండ ఇల్లు విడిచెను. నన్నేల సంప్రదింపలేదని గురువు అడుగగా, మీరు పోనీయరని తెలిసియే అడుగలేదని ఆతడు చెప్పెను. మూడవ ఆరోపణ వట్టి అసంబద్ధమని త్రోసివేసెను. ఇల్లిల్లు తిరిగి కబురులు చేరవేయు ఒక మనుష్యుని నోటినుండి ఈ మాటలు పుట్టెనని ఆతడు గ్రహించెను.

సమాధానములు వ్రాయబడినవి, తీర్మానము మారలేదు. ఆ ప్రశ్నలనే మూడు దినములు ముందుగా అడిగియుండిన, ఆ సమాధానములను సభలో చదివియుండిన, నిర్ణయము వేరుగా ఉండెడిదేమో. ఉండకపోయినను, అది విని చేసిన తీర్పు అయియుండెడిది.

ఉద్యోగము పోయినను డిరోజియో క్రుంగలేదు. 1831లోనే ఈస్ట్ ఇండియన్ అను పత్రికను స్థాపించి, తన జాతివారి హక్కులకై వ్రాసెను. శిష్యులు ఆతనిని విడువలేదు. సంబంధము తెంపుడను మాట కాగితముమీదనే నిలిచినది. ఆ సంవత్సరము డిసెంబరులో ఆతనికి కలరా సోకెను. శిష్యులు పడకచెంత నిలిచి సేవచేసిరి. డిసెంబరు 26న డిరోజియో మరణించెను. 23 ఏండ్లు నిండలేదు. ఆతని సమాధి కలకత్తా పార్కువీధి శ్మశానవాటికలో కలదు.

ఆతని ప్రభావమున పెరిగి చెడిపోయిరన్న యువకులేమైరి? రామతను లాహిరి ఆదర్శోపాధ్యాయుడుగా జీవితము గడపెను. ప్యారీచంద్ మిత్రా వంగభాషలో తొలి నవలలలో ఒకదానిని వ్రాసెను. రామగోపాల్ ఘోష్ వర్తకుడుగాను, వక్తగాను పేరొందెను. రాధానాథ్ సిక్దర్ సర్వే శాఖలో గణికుడై, ప్రపంచమున అత్యున్నత శిఖరమైన ఎవరెస్టు ఎత్తును లెక్కకట్టుటలో ప్రముఖపాత్ర వహించెను. కృష్ణమోహన్ బెనర్జీ 1832లో క్రైస్తవుడయ్యెను, బహుభాషా పండితుడయ్యెను. అందరును ఒకే దారిని పోలేదు. తన అభిప్రాయములను అచ్చుగుద్దిన గురువునకు ఇన్ని తెరగుల శిష్యులు ఉండరు. రెండు పక్షములను చూపితినన్న డిరోజియో మాటకు ఇంతకంటె సాక్ష్యము వేరే అక్కరలేదు.

హిందూ కళాశాల 1855లో ప్రెసిడెన్సీ కళాశాలగా మారి, 2010లో విశ్వవిద్యాలయమైనది. ఆనాడు తొలగింపబడిన ఉపాధ్యాయుని పేరు నేడు ఆ సంస్థ చరిత్రకే అలంకారము. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 311వ అధికరణమున, అభియోగము తెలుపక, చెప్పుకొనుటకు తగిన అవకాశ మీయక, ప్రభుత్వోద్యోగిని సాధారణముగా తొలగింపరాదని విధించెను. తెలుగునాట ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులకును ఈ రక్షణ కలదు. డిరోజియో తన రాజీనామాలో ఒక్కటొక్కటిగా లేవని చూపినవి ఇవియే.

తప్పు చేసిన ఉపాధ్యాయుని శిక్షింపవలసినదే. బాలురకు హాని చేసినవానిని ఉపేక్షించు సంస్థ బాలురకే ద్రోహము చేయును. అందువలననే విచారణ కావలెను. నిజముగా దోషియైనవానిని పట్టి ఇచ్చునది విచారణయే; నిర్దోషిని కాపాడునది కూడ అదియే. తప్పు చేసెనా అను ప్రశ్నకు బదులు దొరకకముందే, తొలగించుట యుక్తమా అను ప్రశ్నను వేసినచోట ఈ రెండును చెడును. తొమ్మండుగురు పెద్దలు ఒక్క మధ్యాహ్నము చేసిన ఆ పొరపాటు, విద్యాసంస్థల పాలనాధికారము చేతబట్టిన ప్రతివానికి నేటికిని పాఠమే.