ఆకుముడతకు పేరు పెట్టిన లాయరు

'లీఫ్ ఫోల్డర్' అనే మాట మొదటిసారి విన్నప్పుడు, నిజం చెప్తున్నా, నాకు కంప్యూటర్ ఫోల్డరే గుర్తొచ్చింది. కోరుట్ల దగ్గర మా తాత పొలంలో ముడుచుకున్న వరి ఆకు ఒకటి విప్పి చూపించాకే అర్థమైంది. లోపల సన్నని ఆకుపచ్చ పురుగు. ఆకు అంచులు రెండూ తన దారంతోనే కలిపేసుకుని, లోపల పచ్చదనం గీకి తింటోంది. సిరిసిల్ల మరమగ్గాలకే పోటీ! అందులోనే పెరిగి, గోధుమ రంగు రెక్కల మీద ముదురు గీతలున్న చిన్న రెక్కల పురుగై ఎగిరిపోతుంది. గుడ్డు నుంచి ఇదంతా నాలుగైదు వారాలే. తాత దీన్ని ఆకుముడత అంటాడు.

రాత్రి ఫోన్‌లో శాస్త్రీయ నామం వెతికా. నఫలోక్రోసిస్ మెడినాలిస్. పక్కనే బ్రాకెట్లో గెనే, 1854 అని ఉంది. ఎవరీ గెనే?

అషిల్ గెనే 1809 జనవరి 1న ఫ్రాన్స్‌లోని షార్త్రలో పుట్టారు. చిన్నప్పటి నుంచే సీతాకోకచిలుకల పిచ్చి. పారిస్‌లో లా చదివి లాయరయ్యారు కానీ ఆ పిచ్చి పోలేదు. 1848లో ఫ్రెంచి కీటక శాస్త్ర సంఘానికి అధ్యక్షుడయ్యారు. 1852 నుంచి 1857 దాకా రెక్కల పురుగుల మీద ఆరు సంపుటాలు రాశారు. మన ఆకుముడతకు పేరు పెట్టింది వాటిలోనే.

ఒక్కగానొక్క కొడుకు చనిపోయాక షాటోడన్‌లో ఉండిపోయారు. 1870 యుద్ధంలో ప్రష్యా సైన్యం ఆ ఊరిని తగలబెట్టింది. ఆయన పురుగుల సేకరణ మాత్రం మిగిలింది. 1880 డిసెంబర్ 30న, ఇంకో రెండు రోజుల్లో 72 నిండుతాయనగా కన్నుమూశారు.

తర్వాతి శాస్త్రవేత్తలు ఈ పురుగును వేరే ప్రజాతిలోకి మార్చారు. ఆయన పేరు బ్రాకెట్లో ఉన్నది అందుకే. ఫోల్డర్ మారింది, ఫైల్ రాసినవాళ్ల పేరు మారలేదు. ఆ పేరు ఉండబట్టే జగిత్యాల పక్కన పొలాస పరిశోధనా స్థానంలో రాసినా, జపాన్‌లో రాసినా ఇదే పురుగని అందరికీ తెలుస్తుంది. యూరియా ఎక్కువేస్తే ఇది పెరుగుతుందనీ, పైరు మీద తాడు లాగితే పురుగులు నీళ్లలో పడతాయనీ ఆ పేరుతో వెతికితేనే నాకు దొరికింది.

తెల్లారి తాతకు అన్నీ చెప్పా. యూరియా సంగతి, తాడు సంగతి తనకెప్పుడో తెలుసని నవ్వాడు. లాయరు కొడుకు సంగతి విని మాత్రం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తాడు రెండో కొస నా చేతికిచ్చాడు.